లావెక్కితే తప్పంతా నోటిదేనా? పుంగనూరు ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర తేలని లెక్క

పుంగనూరు: సాయంత్రం ఆరు దాటితే చాలు, పుంగనూరులో పెనాల చప్పుడు మొదలవుతుంది. ఎగ్‌రైస్, నూడుల్స్, గోబీ మంచూరియా, చికెన్ పకోడా... మదనపల్లెలోనూ ఇదే వరస, కుప్పంలోనూ ఇదే వరస. ఈ మూడు ఊళ్లకూ కర్ణాటక సరిహద్దు దగ్గర. బెంగళూరు రుచులు ఇక్కడికి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. సంగటి, ఊరుబిండి తిని పెరిగిన సీమలో ఇప్పుడు రాత్రి భోజనం పార్శిల్‌లో ఇంటికొస్తోంది.

మరి ఒళ్లు పెరిగితే తప్పెవరిది? "నోరు కట్టుకోవాలి" అని పెద్దలు ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ మాటలో నిజముంది. కానీ పూర్తి నిజం అంతేనా?

లెక్కలు ఏం చెబుతున్నాయి?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. పురుషుల్లో ఇది 31.1 శాతం. దేశవ్యాప్తంగా చూస్తే మహిళల్లో 24 శాతం, పురుషుల్లో 22.9 శాతమే. అంటే దేశ సగటు కంటే మన రాష్ట్రం చాలా ముందుంది.

అదే సర్వేలో ఇంకో సంగతి కూడా ఉంది. రాష్ట్రంలో 58.8 శాతం మంది మహిళలకు రక్తహీనత. ఒకే రాష్ట్రంలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో అధిక బరువూ ఉంది, పోషకాల లోటూ ఉంది. కడుపు నిండుతోంది, ఒంటికి కావాల్సింది మాత్రం అందడం లేదు. దీన్ని కేవలం తిండిపోతుతనం అనగలమా?

బండి ఒక్కటే కారణమా?

నేరమంతా ఫాస్ట్‌ఫుడ్ మీదకు నెట్టేయడమూ సరికాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. మన దగ్గర అది 50 నుంచి 70 శాతం దాకా ఉంటోంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం లక్షల ఇళ్లలో ఆకలి తీర్చింది. అదే సమయంలో సీమ కంచంలో రాగి పక్కకు జరిగింది, వరి అన్నం మధ్యలోకి వచ్చింది. మూడు పూటలా అన్నం, పైన నూనెలో వేగిన చిరుతిండి, నడక తక్కువ. ఈ మూడూ కలిసినప్పుడే నడుము కొలత మారుతుంది.

నూనె లెక్క చూస్తే విషయం ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. గ్రాము పిండి పదార్థంలో 4 కేలరీలుంటే, గ్రాము నూనెలో 9. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 కేలరీలు. బండి మీద ప్లేటు రైస్‌కు ఎన్ని చెంచాలు పడుతున్నాయో తినేవాడికి తెలియదు. అమ్మేవాడు కొలవడు.

తెలిసి తిన్నాడా, తెలియక తిన్నాడా?

ఈ గొడవ అమెరికాలో కోర్టుకే ఎక్కింది. 2002లో న్యూయార్క్‌లో ఇద్దరు టీనేజీ అమ్మాయిల తరఫున మెక్‌డొనాల్డ్స్ మీద దావా పడింది. ఆ తిండి వల్లే ఊబకాయం వచ్చిందన్నది ఆరోపణ. 2003 జనవరిలో న్యాయమూర్తి రాబర్ట్ స్వీట్ దాన్ని కొట్టేశారు. అతిగా తింటే లావెక్కుతారని అందరికీ తెలిసినప్పుడు, ఆ అతికి చట్టం అడ్డు నిలవలేదన్నది ఆయన వాదన సారాంశం. అయితే తినేవాడికి తెలియని ప్రమాదం తిండిలో దాగి ఉంటే అది వేరే సంగతి అనీ గుర్తుచేశారు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. తెలిసి తిన్నవాడిది బాధ్యత. మరి తెలిసే దారి ఉందా?

పుంగనూరు కిరాణా కొట్లో వేలాడే చిప్స్ ప్యాకెట్‌ను తిప్పి చూడండి. కేలరీలు, ఉప్పు, కొవ్వు వివరాలు వెనక సన్నటి అక్షరాల్లో ఇంగ్లిషులో ఉంటాయి. చట్టం అడిగేది ఇంగ్లిషు గానీ హిందీ గానీ. తెలుగు తప్పనిసరి కాదు. తెలుగు మాత్రమే చదవగలిగే తల్లికి ఆ పట్టిక ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ప్యాకెట్ ముందువైపే ఆరోగ్య సూచన ఉండాలన్న చర్చ ఏళ్లుగా నడుస్తోంది. చిలీ 2016లోనే నల్ల ముద్రలతో హెచ్చరికలు తెచ్చింది. మన ఆహార భద్రతా సంస్థ 2022లో స్టార్ రేటింగ్ ముసాయిదా విడుదల చేసింది. మూడు నెలల్లో సంగతి తేల్చాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత గడువు పెరిగింది.

ధర ఎటు లాగుతోంది?

2025 ఫిబ్రవరి మన్ కీ బాత్‌లో ప్రధాని మోదీ ఊబకాయం గురించి మాట్లాడారు. ఇంట్లో వంటనూనె 10 శాతం తగ్గించండి అన్నారు. మంచి మాటే, ఎవరికి వారు పాటించగలిగేదే. అదే ఏడాది సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. నమ్‌కీన్, ఇన్‌స్టంట్ నూడుల్స్, చాక్లెట్ల మీద పన్ను 5 శాతానికి దిగింది. కూల్‌డ్రింకులకు మాత్రం 40 శాతం. ఒకచేత్తో నూనె తగ్గించమని, ఇంకో చేత్తో వేయించిన ప్యాకెట్ చౌక చేస్తే జనం ఏ మాట వినాలి?

మరోవైపు మదనపల్లె చూడండి. దేశంలోనే పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి. ధర పడిపోయిన రోజు రైతు పంటను రోడ్డు పక్కన పారబోసి పోతాడు. ధర ఎక్కిన రోజు పేదింటి కూరలో టమోటా కనిపించదు. ఐదు రూపాయల ప్యాకెట్ మాత్రం ఏ రోజైనా ఐదు రూపాయలే. జేబు చూసుకుని కొనేవాడికి ఇదొక పెద్ద తేడా.

రాగి విషయంలో మాత్రం ఒక మంచి అడుగు పడింది. 2023 మార్చిలో ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ ఇవ్వడం మొదలైంది. కానీ బడి గేటు దాటగానే ఏముంది? కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిండిని గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020 నిబంధనలు చెబుతున్నాయి. ఆ 50 మీటర్లు కొలిచేవారే కావాలి.

మన చేతిలో ఉన్నది

నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని వైద్యులు చెబుతున్నారు. టేపు ఖరీదు పెద్దదేం కాదు. వారానికి నాలుగు సార్లు వచ్చే పార్శిల్‌ను ఒకసారికి తగ్గించడం, రాత్రి ఒక పూట సంగటికి మారడం, అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర పెంచడం ఎవరైనా చేయగలిగినవే. అంతవరకు బాధ్యత తినేవారిదే, అందులో సందేహం లేదు.

అయితే పొద్దునే పనికెళ్లి చీకటి పడ్డాక ఇంటికొచ్చే మహిళ మళ్లీ పొయ్యి ముట్టించలేక పార్శిల్ తెప్పిస్తే, ఆమెకు క్రమశిక్షణ లేదనడం అన్యాయం. బండివాడిని తిట్టినా ఫలితం లేదు, అదే అతని బతుకుతెరువు. లేబుల్ తెలుగులో అడగడం, బడి గేటు దగ్గర నిబంధన అమలు చేయించడం, పన్ను ఏ తిండి వైపు మొగ్గుతోందో నిలదీయడం... ఇవి ఒక్కరి నోటితో అయ్యేవి కావు. నోరు కట్టుకోమని జనానికి చెప్పే ముందు, ఆ పని ప్రభుత్వాలు పూర్తి చేయాలి.