చరిత్ర ఎంచుకునే పిల్లలకు కాస్త వ్యవధి ఇవ్వండి

సీబీఎస్‌ఈ దుబాయ్ ప్రాంతీయ అధికారి గారికి,

అల్ ఐన్‌లో ఉంటున్న తెలుగు తల్లిదండ్రుల తరఫున రాస్తున్నాను. పదో తరగతి పరీక్షలు ముగిశాయో లేదో, ఏప్రిల్‌లో పదకొండు మొదలు. అప్పుడు తీసుకున్న సబ్జెక్టులే పన్నెండు దాకా. మీ నిబంధనల ప్రకారం ఫిజిక్స్‌తో పాటు చరిత్రా చదవొచ్చు. చాలా బళ్లలో టైంటేబుల్ మాత్రం అందుకు ఒప్పుకోదు.

పన్నెండో తరగతి చరిత్ర పుస్తకం హరప్పాతోనే మొదలవుతుంది. హరప్పా వాళ్లకు ఒమన్ వైపు నుంచి రాగి వచ్చిందని అందులో ఉంది. ఇక్కడి హిలి సమాధుల్లోనేమో సింధు లోయ పూసలు దొరికాయి. 2011లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఆ చోటు, చరిత్ర తీసుకునే వీల్లేని మా పిల్లలకు సెలవు రోజు పార్కు మాత్రమే.

చరిత్రను లోతుగా చదివే వేళ మార్కులు తేల్చేది కాదు. "ఇది రాసిందెవరు? ఎందుకు రాశారు?" అని పిల్లలు అడిగితే వేళయినట్టే. అందుకే తొమ్మిదిలోనే ఒక శాసనమో తవ్వకాల నివేదికో వాళ్ల చేతికివ్వండి. పదకొండులో మొదటి నెలంతా సబ్జెక్టు మార్చుకునే వీలు కల్పించండి. ఏ గ్రూపు వారికైనా చరిత్ర అందేలా బళ్లను ఆదేశించండి.

ఇట్లు,
అల్ ఐన్ నుంచి ఒక తెలుగు తల్లి