కుజుణ్ణి చూశాను

నాకు కుజదోషం ఉందని రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడోది కుదిరేలోపు మంగళవారాలు సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడికి తిరగడం, కందులు దానం చెయ్యడం అన్నీ అయ్యాయి. ఆ కుజుడు ఎలా ఉంటాడో మాత్రం నలభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నేను చూడలేదు. మా ఇంట్లో ఎవరూ చూడలేదు. జాతకం రాసినాయన చూశారో లేదో, నాకు అనుమానమే!

హైదరాబాద్‌లో చుక్కలెక్కడ కనిపిస్తాయండీ అంటారు. నేనూ అలాగే అనేదాన్ని. 2023లో ఉగాది వెళ్లిన రెండో రోజు సాయంత్రం ఆరేసిన బట్టలు తీద్దామని డాబా మీదికి వెళ్తే, నెలవంక కిందే ఒక తెల్లటి చుక్క ధగధగా మెరుస్తోంది. శుక్రుడు! ఆ రాత్రి వాట్సాప్ నిండా అవే ఫోటోలు.

నిజానికి కొత్తగా చూసేవాళ్లకి సిటీయే నయం. వీధి దీపాలకి చిన్న చుక్కలన్నీ పోయి పెద్దవే మిగులుతాయి. చంద్రుడు రోజుకి 13 డిగ్రీలు తూర్పుకి జరుగుతాడు. చెయ్యి చాచి పిడికిలి పట్టి చూస్తే అది 10 డిగ్రీలు, దానికన్నా కాస్త ఎక్కువన్నమాట. అలా నెలలో ఒక్కొక్క గ్రహాన్నీ పలకరించుకుంటూ పోతాడు. శుక్రుడు సాయంత్రం పడమట, లేదా తెల్లవారుజామున తూర్పున. అర్ధరాత్రి నడినెత్తిన అంత వెలుగుతో ఉంటే అది గురుడు. శని లేత పసుపు, కాస్త మందం. పాపం, అందరూ భయపడే ఆయనే అన్నిటికన్నా నెమ్మదిగా కనిపిస్తాడు.

కుజుడి దగ్గరే మోసపోయాను. ఒక జ్యేష్ఠ పౌర్ణమికి చంద్రుడి పక్కన ఎర్రటి చుక్క చూసి, దొరికాడనుకుని మావారిని కూడా పైకి లాక్కొచ్చాను. కానీ అది మిణుకు మిణుకుమంటోంది. గ్రహమైతే అలా మిణకదు. కిందికొచ్చి పంచాంగం తీస్తే ఆ రోజు నక్షత్రం జ్యేష్ఠ. చంద్రుడు ఏ నక్షత్రం దగ్గరుంటే అదే కదా అందులో రాసేది! ఇన్నేళ్లూ వర్జ్యం, దుర్ముహూర్తం చూడ్డానికే తీశాను ఆ పుస్తకాన్ని.

అసలాయన 2025 సంక్రాంతి నాడు దొరికాడు. ఐదింటికి ముగ్గు వెయ్యడానికి లేచాను. ముందురోజే పౌర్ణమి. పడమటి వైపు వాలిన నిండు చంద్రుడికి ఒకటి రెండు వేళ్ల దూరంలో, కాగిన నెయ్యి కన్నా ఎర్రగా, కదలకుండా, మెదలకుండా ఒక చుక్క. ముగ్గు డబ్బా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఈయన గురించేనా మా అమ్మ రెండేళ్లు నిద్రపోలేదు?

నమ్మకాలు మానెయ్యమని నేనెవరికీ చెప్పను. ఒక్కసారి కూడా తలెత్తి చూడకుండా భయపడ్డం మాత్రం నాకు మింగుడు పడదు.

మొన్న మా అమ్మాయి సంబంధానికని ఒకావిడ ఫోన్ చేసి, "కుజదోషం లేదు కదండీ?" అన్నారు. ఉంది. జాతకం పంపమన్నారు. ఇంకా పంపలేదు. ఈసారి చంద్రుడి పక్కకి కుజుడు వచ్చిన రాత్రి అమ్మాయిని డాబా మీదికి తీసుకెళ్తానన్నాను. మావారు ఏమీ అనలేదు.