గణం తప్పరాదు, నడక ఎవరిది వారిదే



ఛందస్సు బోధించినవాడికి ఏ విద్యను చూసినా అందులో గణాలే కనిపిస్తాయని మీరు నవ్వుకొన్నా సరే, ఈసారి బేస్‌బాల్ గురించి వ్రాస్తున్నాను. మన పిల్లలు అమెరికాలో స్థిరపడిన తరువాత, వారి పిల్లలలో కొందరికి ఈ ఆటా, దీని చెల్లెలైన సాఫ్ట్‌బాలూ చేరువయ్యాయి. అక్కడి మైదానాల అంచున కూర్చొనే తాతలలో నేనూ ఒకణ్ణి. అలా కూర్చొని చూడగా నాకు కలిగిన అభిప్రాయం ఇది: బ్యాటు ఊపడంలో శైలులు అనేకం, సూత్రాలు కొద్ది. శైలినే సూత్రమని భ్రమించి పసివాళ్ళందరినీ ఒకే మూసలో పోయడం విద్య కాదు.

మొదట ఈ పని ఎంత కష్టమో గ్రహించాలి. క్రికెట్ బ్యాటుకు చదునైన ముఖముంటుంది. ఇక్కడ బ్యాటూ గుండ్రనే, బంతీ గుండ్రనే. పిచ్చరు నిలిచే చోటునుంచి హోం ప్లేటుకు దూరం 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 90 మైళ్ళ వేగంతో విసిరిన బంతి దాదాపు 0.4 సెకనులో వచ్చేస్తుంది. కళాశాల స్థాయి మహిళల సాఫ్ట్‌బాల్‌లో వేగం తక్కువైనా దూరం 43 అడుగులే గనుక వ్యవధి ఇంచుమించు అంతే. చూడడం, నిర్ణయించడం, ఊపడం మూడూ ఆ రెప్పపాటులోనే జరగాలి.

ఈ విద్యలో రెండు ప్రసిద్ధ సంప్రదాయాలున్నాయి. మొదటిది టెడ్ విలియమ్స్‌ది. 1941లో ఆయన సగటు .406. అంటే లెక్కకు వచ్చే ప్రతి వెయ్యి అవకాశాలకు 406 హిట్లన్నమాట. అమెరికన్, నేషనల్ లీగులలో ఆ తరువాత ఎవరూ ఒక సీజనులో .400 అందుకోలేదు. ఆయన వాదం సరళమైనది: పిచ్చరు దిబ్బమీద నిలిచి, చేయి పైకెత్తి విసురుతాడు గనుక బంతి కిందికి వాలుతూ వస్తుంది. బ్యాటు కొంచెం మీదికి లేస్తూ ఆ దారిలోనే ఎదురువెళితే రెండూ కలిసే అవకాశం పెరుగుతుంది. ఆ ఊపుకు మూలం చేతులు కాదు, నడుము తిరగడం.

రెండవది చార్లీ లావ్‌ది. ఆటగాడిగా ఆయన సగటు .255 మాత్రమే, గురువుగా మాత్రం ఘనుడు. దేహభారాన్ని ముందు వెనుక కాలిమీదికి తీసుకొని, పిదప ముందు కాలిమీదికి మళ్ళించాలని, తల కదలరాదని, బంతి తగిలిన తరువాత పై చేయి వదిలి బ్యాటును సాంతం సాగనివ్వాలని ఆయన బోధ. ఆయన శిష్యుడు జార్జ్ బ్రెట్ 1980లో .390 సాధించాడు.

ఈ ఇద్దరి అనుయాయులు నేటికీ ద్వైతాద్వైతుల వలె వాదించుకొంటారు. నాకు ఇందులో విరోధం కనిపించదు. భారం ముందుకు సాగి, ముందు పాదం నేలమీద ఊనుకొన్నాకే నడుము బలంగా తిరగగలదు. ఒకరు వాక్యంలోని పూర్వార్ధాన్ని, ఒకరు ఉత్తరార్ధాన్ని నొక్కి చెప్పారు, అంతే.

ఉత్పలమాలకు భ-ర-న-భ-భ-ర-వ గణాలు, పదవ అక్షరం యతి. ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు. అయినా ఇద్దరు కవుల ఉత్పలమాలలు ఒకే విధంగా నడవవు. బ్యాటు ఊపుకూ అటువంటి గణాలున్నాయి: ముందు పాదం ఊనడం, నడుము భుజాలకన్నా ముందు తిరగడం, చేతులు ఆ తరువాతే రావడం, తల నిలకడ, బంతి దారిలో బ్యాటు. తక్కినదంతా నడకే. జపానుకు చెందిన సదహారు ఓ ఒంటికాలిమీద కొంగవలె నిలిచి 868 హోం రన్లు కొట్టాడు. ఇచిరో సుజుకి కొడుతూనే మొదటి బేసువైపు దేహాన్ని సాగనిచ్చి, 2004లో 262 హిట్లతో ఒక సీజను రికార్డు నెలకొల్పాడు. చిన్నతనంలోనే ఎవరో వీరిని “సరిగ్గా నిలబడు” అని సరిదిద్ది ఉంటే ఏమయ్యేది?

సాఫ్ట్‌బాల్‌లో బంతిని తొడ పక్కనుంచి, కింది చేత్తో విసురుతారు గనుక దాని రాక మరింత చదునుగా ఉంటుంది. అందుచేత ఆడపిల్లల ఊపు వేరే శాస్త్రమని కొందరంటారు. బంతి దారి మారితే బ్యాటు దారి ఆ మేరకు మారుతుంది, సూత్రం మారదు. ఎడమచేతివాటపు పిల్లలు పరుగెత్తుతూ బంతిని తట్టే “స్లాప్” పద్ధతి మాత్రం నిజంగా వేరే వృత్తం. బేసుల నడుమ దూరం బేస్‌బాల్‌లో 90 అడుగులు, సాఫ్ట్‌బాల్‌లో 60. ఆ దగ్గరితనంలోంచి పుట్టిన ఛందస్సు అది.

నాకు బాధ కలిగించేది ఊతపదాల బోధన. “వెనుక పాదంతో పురుగును నలుపు”, “మోచేయి పైకెత్తు”, “పైనుంచి కిందికి కొట్టు” అంటారు. మేటి ఆటగాళ్ళ చలనచిత్రాలను నెమ్మదిగా నడిపి చూస్తే, బంతి తగిలే క్షణాన చాలామంది వెనుక పాదం నేలను వదిలి తేలికపడి ఉంటుంది. కిందికి కొడుతున్నామని చెప్పుకొన్నవారి బ్యాటు కూడా మీదికే లేస్తుంటుంది. ఆటగాడికి కలిగే అనుభూతి వేరు, దేహం చేసే పని వేరు. ఒకరి అనుభూతిని మరొకరికి ఆజ్ఞగా ఇస్తే పసివాడి సహజమైన ఊపు బిగుసుకుపోతుంది.

ఇప్పుడు యంత్రాలు వచ్చాయి. 2015నుంచి ప్రధాన లీగు మైదానాలన్నిటా బంతి లేచే కోణాన్ని కొలుస్తున్నారు. దానితో పైకి కొట్టడమే పరమార్థమైంది. 2018లో, ఒక సీజనులో మొదటిసారిగా, హిట్లకన్నా స్ట్రైక్ అవుట్లు ఎక్కువయ్యాయి. కొలత తప్పు కాదు. అందరికీ ఒకే లక్ష్యాన్ని నిర్దేశించడం తప్పు. 2022 అమెరికన్ లీగునే చూడండి. ఆరోన్ జడ్జ్ 62 హోం రన్లు కొట్టాడు, కానీ సగటులో ప్రథమ స్థానం లూయిస్ అరాయెజ్‌ది: .316, జడ్జ్‌ది .311. ఒకడు మహాకాయుడు, ఆకాశాన్ని గురిపెట్టేవాడు. మరొకడు బ్యాటును నెమ్మదిగా ఊపి, బంతిని ఖాళీ ఉన్న చోటికి పంపేవాడు. ఏది దోషమందాం?

గణం తప్పితే గురువు దిద్దాలి, అది ఆయన ధర్మం. నడకను దిద్దబోయే ముందు మాత్రం, ఆ పిల్లవాడు తన ఊపుతో ఇరవై బంతులు కొట్టేదాకా నోరు మెదపక చూడాలి. అక్కడ పిల్లలను ఆటకు తీసుకువెళ్ళే తల్లిదండ్రులు మీలో ఉంటే, ఇందులో సమ్మతమైనదీ కానిదీ వ్రాయండి.