ఆలస్యం ఎవరిది?

"ఏ వయసుకా ముచ్చట" అని మన పెద్దలు చెబుతూంటారు. 36వ యేట నేను గర్భవతినైనప్పుడు మా స్టాఫ్ రూములో ఈ సామెత వినబడని రోజు లేదు. ఉద్యోగాల మోజులో ఆడవాళ్లు కాన్పులు వాయిదా వేస్తున్నారనీ, ఇది చదువు తెచ్చిన చేటనీ వారి వాదన. ఈ వాదనలో పస ఎంతో చూద్దాం.

ముందుగా మనవాళ్లకొక మాట. అభ్యుదయ మిత్రులలో కొందరు దీనికి జవాబుగా, వయసు భయమంతా పురుషాహంకారం అల్లిన కట్టుకథ అంటున్నారు. ఇదీ సరికాదు. శాస్త్రాన్ని మనకు అనుకూలమైన చోట మాత్రమే నమ్ముతామంటే కుదరదు. స్త్రీ తన అండాలన్నిటితోనూ పుడుతుంది. వయసుతో వాటి సంఖ్యా, నాణ్యతా తగ్గుతాయి. 35 దాటాక ఆ తగ్గుదల వేగిరపడుతుంది. గర్భస్రావం, రక్తపుపోటు, గర్భకాలపు మధుమేహం, సిజేరియన్ - వీటి అవకాశం పెరుగుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ పుట్టే అవకాశం 25 ఏళ్ల తల్లికి సుమారు 1,250లో ఒకటైతే, 40 ఏళ్ల తల్లికి సుమారు 100లో ఒకటి. అయితే తక్కిన తొంభై తొమ్మిది మాట దాచి ఆ ఒక్కటే చెప్పి బెదిరించడం శాస్త్రం కాదు. తండ్రి వయసుతో పనే లేనట్లు మాట్లాడటమూ శాస్త్రం కాదు. తండ్రి వయసు పెరిగినా గర్భస్రావం అవకాశం పెరుగుతుంది.

ప్రమాదం నిజం. అసలు ప్రశ్న, ఆలస్యం చేసిందెవరు?

నా సంగతే చెబుతాను. ఎం.ఏ. అయిన నాటినుంచి పదేళ్లు గంటల లెక్కన పాఠాలు చెప్పాను. జూన్‌లో చేర్చుకునేవారు, పరీక్షలు కాగానే పొమ్మనేవారు. వేసవికి జీతం లేదు. మళ్లీ జూన్‌లో పిలుస్తారన్న భరోసా లేదు. మా బోటివాళ్లకు కాన్పు అంటే సెలవు కాదు, ఉద్యోగానికే స్వస్తి. కనుక మేమిద్దరం ఏటా "వచ్చే ఏడు చూద్దాం" అనుకున్నాం. దీన్ని మోజు అంటే ఆకలినీ మోజే అనాలి. చివరికి గర్భం నిలిచింది. అయిదో నెలలో రక్తపుపోటు పెరిగింది. డాక్టరమ్మ విశ్రాంతి తీసుకోమంది. "మీ స్థానంలో ఇంకెవరినైనా చూసుకోమంటారా అమ్మా?" అని ప్రిన్సిపాలు ఎంతో మర్యాదగా అడిగారు. ఎనిమిదో నెల దాకా మూడంతస్తుల మెట్లెక్కాను. పిల్ల నెల ముందే పుట్టింది; బాగానే ఉంది. మెట్లవల్లనే ముందు పుట్టిందని నేననను. కాని మెట్లెక్కక తప్పని స్థితి మాత్రం నా వయసు తెచ్చింది కాదు.

చట్టం లేదా? ఉన్నది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డల కాన్పులకు జీతంతో 26 వారాల సెలవిచ్చారు. కాంట్రాక్టు గడువు తీరినా ఈ ప్రయోజనం ఆగరాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాని కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసినట్లు చూపాలి. గంటల లెక్కన కూలి పుచ్చుకునేవారు ఏ హాజరుపట్టీ చూపగలరు? చట్టంలోని హక్కు కోర్టుకెక్కగలవారికే దక్కుతున్నది.

ఇక్కడ వ్యాపారం ప్రవేశిస్తుంది. ఆలస్యానికి మందు మా దగ్గరుందని సంతాన సాఫల్య కేంద్రాలు గోడలనిండా ప్రకటిస్తాయి. వయసు మీరినకొద్దీ సొంత అండాలతో ఐ.వి.ఎఫ్. ఫలించే అవకాశం పడిపోతుందన్న ముక్క ఆ ప్రకటనల్లో వెతికినా దొరకదు. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై దాటిన స్త్రీ ఐ.వి.ఎఫ్. ద్వారా కవలలను కన్నప్పుడు అద్భుతమని చప్పట్లు కొట్టాం. బిడ్డల్లేని స్త్రీని ఆ వయసులోనూ అంత ప్రమాదానికి నెట్టే నింద సంగతి అడిగినవారు తక్కువ. స్త్రీకి 50, పురుషునికి 55 ఏళ్ల పరిమితి పెడుతూ చట్టం 2021లో గాని రాలేదు.

ఇక ప్రభుత్వం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 1.7 బిడ్డలని తేలింది. నిన్నటిదాకా ఇద్దరు చాలన్నవారే, ముగ్గురుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్నవారే, 2024 అక్టోబరు నాటికి ఎక్కువమందిని కనమన్నారు. నవంబరులో శాసనసభ ఆ నిబంధన ఎత్తివేసింది. ఎత్తివేయడం మంచిదే. కాని కనమని చెప్పే నోరు, కన్నాక ఆ తల్లి ఉద్యోగం ఉంటుందని ఎందుకు చెప్పదు?

నేను ఏటా కన్యాశుల్కం పాఠం చెబుతాను. 1892లో ఆ నాటకం మొదట ప్రదర్శించిన నాడు, ఆడపిల్లకు పెళ్లి ఏ వయసులోనో ఆమెకు కట్టిన వెల నిర్ణయించేది. ఈనాడు కాన్పు ఏ వయసులోనో ఆమె జీతం నిర్ణయిస్తున్నది. ఆనాటి తొందరా ఆమెది కాదు, ఈనాటి ఆలస్యమూ ఆమెది కాదు.

కనుక అడగవలసినవి స్పష్టం. గంటల లెక్క కొలువులు రద్దుచేసి ఉద్యోగాలు ఖాయం చేయాలి. అందాకా కొలువు ఏదైనా కాన్పు సెలవుకు జీతం ఇవ్వాలి. పనిచేసే చోట పసిపిల్లల కేంద్రం ఉండాలి. గర్భానికి ముందునుంచే ఫోలిక్ ఆమ్లం మాత్రలూ, రక్తపుపోటు, చక్కెర, స్కానింగు పరీక్షలూ ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా అందాలి. వయసు గురించిన నిజాన్ని బెదిరింపు లేకుండా మన తరగతుల్లో ఆడపిల్లలకూ, మగపిల్లలకూ చెప్పాలి. ఎప్పుడు కనాలో, అసలు కనాలో వద్దో ఆమె నిర్ణయించుకుంటుంది. ఇవి ఆడవాళ్ల సొంత గొడవలని మన ఉపాధ్యాయ సంఘాలు ఇన్నాళ్లూ పక్కన పెట్టాయి. ఇకనైనా కోర్కెల పత్రంలో మొదటి పుటకు తేవాలి.