మన ఖాదీ.. వాళ్ళ ట్రేడ్‌మార్కు

మెట్‌పల్లి అనగానే మనకు ఖాదీ గుర్తొస్తుంది. 'ఖాదీ' అనే మాట ఎవరిదని అడిగితే బడికెళ్ళే పిల్లాడు కూడా గాంధీ తాతదని చెప్పేస్తాడు. మరి యూరప్‌లో ఆ మాట మీద ట్రేడ్‌మార్కు ఎవరు తీసుకున్నారో తెలుసా? ఓ జర్మన్ కంపెనీ. అమ్మేది బట్ట కూడా కాదు.. సబ్బులూ, తలకు వేసుకునే రంగులూ!

మన ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ ఊరుకోలేదు. పార్లమెంటు 1956లో చేసిన చట్టంతో పుట్టిన సంస్థ అది. స్పెయిన్‌లోని అలికాంటేలో యూరోపియన్ యూనియన్ మేధోసంపత్తి కార్యాలయం ఉంది. అక్కడికి వెళ్ళి ఆ రిజిస్ట్రేషన్లు రద్దు చేయమంది. కుదరదన్నారు. అదే ఆఫీసులోని అప్పీళ్ళ బోర్డుకు వెళ్తే అక్కడా కాదన్నారు. చివరికి లక్సెంబర్గ్‌లోని జనరల్ కోర్టు. 2018 నవంబరులో అక్కడా ఓటమే.

వినగానే ఒళ్ళు మండుతుంది. కానీ ట్రేడ్‌మార్కుకు చరిత్రతో, సెంటిమెంటుతో పని తక్కువ. మార్కు ఏ దేశానికి ఆ దేశానిదే. ఇక్కడి సర్టిఫికెట్ ఎయిర్‌పోర్టు దాటితే మామూలు కాగితమే. అక్కడివాళ్ళు చూసేది వేరు: మా దేశంలో సరుకు కొనేవాడికి ఈ మాట వింటే ఏమని తోస్తుంది? ఈ పేరుతో నువ్వు ఇక్కడ ఏం అమ్మావు, ఎప్పట్నించి, బిల్లులేవి?

ఇది ఢిల్లీ గొడవ, మనకెందుకు అనుకోవద్దు. మెట్‌పల్లి, కోరుట్ల చుట్టూ పసుపు పండుతుంది. ఒక తమ్ముడు ఆ పసుపు పొడి కొట్టించి, ప్యాకెట్ చేసి, డల్లాస్‌లో ఉన్న చుట్టాల ద్వారా అమ్ముదామనుకున్నాడనుకోండి. బ్రాండుకు 'పసుపు' అనే పేరు పెట్టాడు. బాగుంది కదా! అమెరికా ట్రేడ్‌మార్కు ఆఫీసుకు మాత్రం బాగుండదు. పరాయి భాష మాటను వాళ్ళు ముందు ఇంగ్లిష్‌లోకి మార్చి చూస్తారు. పసుపు అంటే టర్మరిక్. టర్మరిక్ పొడికి 'టర్మరిక్' అని పేరా? అది సరుకు పేరు, ఒక్కడికే రాసివ్వలేం అని తిరస్కరిస్తారు. అదే పేరు ఫోన్ కవర్లకు పెడితే ఈ అభ్యంతరమే రాదు. విచిత్రమే గానీ, లెక్క అదే.

ఇక దరఖాస్తు సంగతి. 2013 జులై 8న మన దేశం మాడ్రిడ్ ఒప్పందంలో చేరింది కాబట్టి, ఇక్కడ వేసిన దరఖాస్తు ఆధారంగా ఒకే ఫారంతో చాలా దేశాలకు అడగొచ్చు. మన రిజిస్ట్రీ దాన్ని జెనీవాకు పంపుతుంది. నలుపు తెలుపు మార్కుకు మూల రుసుము 653 స్విస్ ఫ్రాంకులు, దేశాలవారీ ఫీజులు దాని మీద. ఐదేళ్ళలోపు ఇక్కడి మూల మార్కు పడిపోతే బయటివీ దాంతోపాటే పోతాయి. ఇది చాలామంది చూసుకోరు.

తిరస్కరణ జెనీవా మీదుగానే వస్తుంది. దాని పేరే 'తాత్కాలిక తిరస్కరణ'. పేరులోనే ఆశ ఉంది. కానీ జవాబు చెన్నైలోని మన ట్రేడ్‌మార్కు ఆఫీసుకు ఇస్తే కుదరదు, కాదన్న దేశానికే ఇవ్వాలి. అమెరికా అయితే ఆరు నెలల గడువు. 2019 ఆగస్టు నుంచి విదేశీ దరఖాస్తుదారులకు అక్కడి లాయరు తప్పనిసరి. ఆఖరి తిరస్కరణ కూడా వస్తే అప్పుడు అప్పీల్ బోర్డు. యూరప్‌లో టైం ఇంకా తక్కువ. నిర్ణయం అందిన రెండు నెలల్లో అప్పీలు వేయాలి, 720 యూరోలు కట్టాలి, నాలుగు నెలల్లోపు కారణాలు రాసివ్వాలి. డబ్బు కట్టకపోతే అప్పీలు వేసినట్టే కాదు. వాట్సాప్‌లో 'చూద్దాం అన్నా' అనుకునేలోపే రెండు నెలలు గడిచిపోతాయి.

అసలు అప్పీలు వేయాలా? నన్నడిగితే, కారణం 'పసుపు' లాంటిదైతే ఆ డబ్బుతో కొత్త పేరు పెట్టుకోవడమే నయం. వేరేవాళ్ళ మార్కుకు దగ్గరగా ఉందంటే మాత్రం తొందరపడి వదిలేయొద్దు. జాబితాలోంచి రెండు సరుకులు తీసేస్తేనో, ఆ మార్కు యజమానితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంటేనో పని అవ్వొచ్చు. పేరు మీద నిజంగా హక్కుందని బిల్లులు, తేదీలు చూపించగలిగితే పోరాడాల్సిందే. బాస్మతి విషయంలో అపెడా అదే దారి పట్టింది. ఆస్ట్రేలియా కాదంటే 2023లో అక్కడి ఫెడరల్ కోర్టుకు వెళ్ళింది. బాస్మతి పాకిస్తాన్‌లోనూ పండుతుంది, అదీ చిక్కు.

ఖాదీ కథ యూరప్‌తో అయిపోలేదు. 2021 జులైలో కమిషన్ ఒక ప్రకటన చేసింది: భూటాన్, యూఏఈ, మెక్సికోల్లో 'ఖాదీ' రిజిస్టరైంది, మరో 40 దేశాల్లో దరఖాస్తులు నడుస్తున్నాయి. అదే ఏడాది డిసెంబరులో యూఏఈ కూడా మాడ్రిడ్‌లో చేరింది. మన జగిత్యాల, సిరిసిల్లల్లో దుబాయ్ పోయినోళ్ళు లేని ఊరు అరుదు. ఆ దేశం పేరు పక్కన టిక్కు ఇప్పుడు ఇక్కడ్నించే, అదే ఫారంలో పెట్టొచ్చు.