ప్రింటర్ అలిగిందా?

ఏడాది పొడుగునా బుద్ధిగా ఉండే ప్రింటర్, రేపు పొద్దున్నే పిల్లకి పరీక్ష, ఇవాళ రాత్రి హాల్ టికెట్ తీయాలి అనగానే మొరాయిస్తుంది. ఫోనులో నెట్ వస్తూనే ఉంటుంది, టీవీలో సినిమా ఆడుతూనే ఉంటుంది, ఇది మాత్రం 'ఆఫ్‌లైన్' అంటుంది. వీధి చివర నెట్ సెంటర్ వాడు అప్పటికే షట్టర్ దించేసి ఉంటాడు. "పాతదైపోయింది, కొత్తది కొందాంలే" అని శ్రీవారు తేల్చేస్తారు. తొందరపడకండి. ఆ కొత్తదీ ఇదే పని చేస్తుంది!

ముందు ప్రింటర్, రౌటర్ (అదేనండీ, వైఫై డబ్బా) రెండూ ఆపేయండి. ఓ నిమిషం ఆగి రౌటర్ వేయండి. దాని దీపాలు కుదురుకున్నాకే ప్రింటర్ వేయాలి. చాలాసార్లు ఇంతటితోనే అలక తీరుతుంది.

ఈమధ్య నెట్ కంపెనీ గానీ, పాస్‌వర్డ్ గానీ మార్చారా? ప్రింటర్‌కి ఇంకా పాతదే గుర్తుంటుంది పాపం. తెర ఉన్నదైతే నెట్‌వర్క్ సెట్టింగుల్లో కొత్త పాస్‌వర్డ్ కొట్టండి. తెర లేనివాటికి ఏ బటన్ ఎంతసేపు నొక్కాలో దాంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

అసలు కిటుకు ఇంకోటుంది. ఇప్పటి రౌటర్లలో చాలావాటికి రెండు దారులు, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని. రెండోది వేగం ఎక్కువే గానీ గోడలు దాటడంలో నీరసం. ఇళ్ళల్లో వాడే ప్రింటర్లు చాలావాటికి మొదటిదే తెలుసు. 5 అని ఉన్న పేరు వాటి కంటికే ఆనదు. అందుకని ప్రింటర్‌ని 2.4 పేరుకి కలపండి, కలిపేటప్పుడు మీ ఫోను కూడా ఆ పేరు మీదే ఉండాలి. రెంటికీ ఒకే పేరుంటే విడదీయమని నెట్ అబ్బాయినడగండి. అన్నట్టు మన మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఈ 2.4 దగ్గరే పనిచేస్తుంది. పక్కపక్కనే పెడితే ఓవెన్ తిరుగుతున్నంతసేపూ ప్రింటర్‌కి పిలుపు సరిగా అందకపోవచ్చు. ఇనప బీరువా చాటున పెట్టినా అంతే.

అన్నీ చేసినా కంప్యూటర్ ఒప్పుకోకపోతే, అందులో ప్రింటర్ పేరు తీసేసి మళ్ళీ చేర్చి చూడండి.

ఒక్కటి మాత్రం చేయకండి. కంగారులో నెట్‌లో 'కస్టమర్ కేర్' అని వెతికి, కనబడ్డ నంబరుకల్లా ఫోన్ చేయకండి. వాటిల్లో దొంగ నంబర్లుంటాయి. "ఈ యాప్ వేసుకోండమ్మా, మేమే బాగుచేస్తాం" అని తీయగా మాట్లాడి, మీ తెరంతా చూస్తూ బ్యాంకు ఖాతా ఊడ్చేస్తారు. నంబరు ప్రింటర్ పుస్తకంలోదే తీసుకోండి. ఒకవేళ డబ్బు పోతే, ఇంట్లో తిడతారని దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బు పది ఖాతాలు మారిపోతుంది.

ఇక ఆ రాత్రికి హాల్ టికెట్ సంగతంటారా? ప్రింటర్ వెనక చదరపు రంధ్రం ఉంటుంది చూడండి, దానికి సరిపోయే యూఎస్‌బీ వైరు కంప్యూటర్‌కి తగిలిస్తే వైఫైతో పనే లేదు. ఆ వైరుని టార్చిలైటు, కొవ్వొత్తులు ఉండే సొరుగులోనే పెట్టుకోండి.