జవహర్‌నగర్‌లో అక్షరాలెన్ని?



తెలుగు పండితుడికి పెర్ల్‌తో పనేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. బడిలో ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకొని, ఉద్యోగ విరమణ తరువాత సంగణకం ముందు కూర్చున్నవాణ్ణి నేను. ప్రోగ్రామర్లకు పాఠం చెప్పేటంత విద్య నాకు లేదు. అయితే కొత్తగా పెర్ల్ నేర్చుకునేవారికి ఎదురయ్యే చిక్కులూ, వాటిని విప్పడానికి పదిమందీ చేసే సాయమూ గమనిస్తూ ఉంటే, అవి నాకు తరగతి గదిలో పరిచయమైన సంగతులే అనిపిస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిక్కులో పడినవారికి సరిచేసిన స్క్రిప్టు చేతిలో పెట్టడం కన్నా, దోషసూచనను చదవడం నేర్పడం మేలైన సాయం. తెలుగు పాఠంతో వచ్చే చిక్కులకు విరుగుడును తెలుగులో రాసిపెట్టుకోవడం తెలుగువారమైన మన బాధ్యత.

పెర్ల్‌ను 1987 డిసెంబరులో లారీ వాల్ లోకానికి అందించారు. ఆయన భాషాశాస్త్రం చదువుకున్నవారు. ఆ చదువు తాలూకు ఛాయ ఆయన సృష్టిలో స్పష్టంగా కనిపిస్తుంది. ఒకే విలువను చెప్పే పేరుకు ముందు $ గుర్తు, అనేక విలువల పట్టికకు ముందు @ గుర్తు ఉంటాయి. ఏకవచన బహువచనాలన్నమాట. ఇంతకుముందు చెప్పినదాన్ని మళ్లీ పేరుతో పిలవకుండా ‘అది’ అనడానికి మనకు సర్వనామం ఉన్నట్టే, పెర్ల్‌కు $_ ఉంది. సందర్భాన్ని బట్టి అర్థం మారడమూ ఉంది. పట్టికను ఏకవచనపు పేరుకు అప్పగిస్తే అందులో ఎన్ని అంశాలున్నాయో ఆ సంఖ్య వస్తుంది. ఆ పేరునే కుండలీకరణాలలో పెట్టి అప్పగిస్తే పట్టికలోని మొదటి అంశం వస్తుంది. ‘మొదటి పేరు అడిగితే 42 అంటుందేమిటి?’ అని తల పట్టుకునే కొత్తవారికి ఇది వచనదోషమని చెప్పి చూడండి, చటుక్కున అర్థమవుతుంది. డామియన్ కాన్వే అనే ఆస్ట్రేలియా పండితుడు మరొక అడుగు ముందుకు వేసి, లాటిన్ విభక్తులతో పెర్ల్ రాయడానికి ఒక మాడ్యూలునే తయారుచేశారు. అందులో పదాల వరుస మారినా విభక్తి ప్రత్యయం అర్థాన్ని నిలబెడుతుంది. తెలుగు చదువుకున్నవారికి ఇది వింతగా తోచదు.

ఇక చిక్కుల సంగతి. కొత్తవారికి మొట్టమొదటి జబ్బు, దోషసూచనను చదవకపోవడం. తెరమీద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు కనబడగానే ‘ఏదో ఎర్రర్ వచ్చింది సార్’ అంటారు. ఏ దోషం, ఎన్నో వరుసలో, ఏ మాట దగ్గర అన్నది చాలావరకు ఆ సూచనలోనే ఉంటుంది. పద్యం చేతికివ్వగానే పిల్లవాడు ‘అర్థం కాలేదు సార్’ అన్నట్టే ఇదీను. అప్పుడు మంచి ఉపాధ్యాయుడు తాత్పర్యం చెప్పడు. పదాలు విడదీయమంటాడు, క్రియ ఎక్కడుందో వెతకమంటాడు, ఆ క్రియకు కర్త ఎవరని అడుగుతాడు. అన్వయం కుదిరేసరికి తాత్పర్యం పిల్లవాడి నోటి నుంచే వస్తుంది.

12వ వరుసలో వాక్యదోషం ఉందని పెర్ల్ చెప్పినప్పుడు, అసలు లోపం 11వ వరుస చివర సెమికోలన్ మరవడంలో ఉండవచ్చు. రెండో పాదం మొదట్లో గణం తప్పినట్టు కనిపించి, తీరా చూస్తే మొదటి పాదం చివర ఒక అక్షరం ఎక్కువై ఉన్నట్టుగా! దోషం బయటపడిన చోటూ, పుట్టిన చోటూ ఒకటే కానక్కరలేదన్న సంగతి ఒకసారి తెలిస్తే జన్మలో మరవరు.

మరొక ఉదాహరణ. పెర్ల్‌లో సంఖ్యలను పోల్చడానికి == ఉంది. మాటలను పోల్చడానికి ‘ఈక్యూ’ అని వేరే ఉంది. ఇది తెలియని కొత్తవారు ‘అమ్మ’, ‘ఆవు’ అనే మాటలను == తో పోలిస్తే, రెండూ సమానమే అని జవాబు వస్తుంది. సంఖ్యగా చదవబోతే రెండింటిలోనూ అంకె లేదు గనుక, రెండూ సున్నకింద లెక్క. స్క్రిప్టు మొదట్లో ‘యూజ్ వార్నింగ్స్’ అని ఒక వరుస రాసుకొని ఉంటే, ఈ మాటలో సంఖ్య లేదని పెర్ల్ తానే హెచ్చరిస్తుంది. దాని తోబుట్టువు ‘యూజ్ స్ట్రిక్ట్’, ప్రకటించకుండా వాడిన పేర్లను పట్టుకుంటుంది. ‘యూజ్ డయాగ్నస్టిక్స్’ అంటే ఒక్కొక్క సూచనకు నాలుగు వాక్యాల వ్యాఖ్యానం కూడా వినిపిస్తుంది. మూలం పక్కనే టీక అచ్చువేసినట్టు! ఇంత సదుపాయం పెట్టెలోనే ఉండగా, దాన్ని తెరవకుండానే మన కొత్తవారు ఊరంతా తిరిగి అడుగుతున్నారు.

ఇంతవరకు చెప్పినవి ఏ దేశంలోని కొత్తవారికైనా వచ్చే చిక్కులు. మనకు మాత్రమే వచ్చేవి కొన్ని ఉన్నాయి. నేనుండే జవహర్‌నగర్‌లోనే జరిగిన ఒక ముచ్చట చెబుతాను. మా వైపు పెద్దలకోసం వైద్య శిబిరం పెడుతున్నప్పుడు, పేర్లూ చిరునామాలూ ఉన్న జాబితా నుంచి కాలనీలవారీగా లెక్క తీసే పని ఒక డిగ్రీ విద్యార్థి నెత్తిన వేసుకున్నాడు. పెర్ల్‌లో చిన్న స్క్రిప్టు రాశాడు. ఫలితంలో జవహర్‌నగర్ రెండుసార్లు వచ్చింది, రెండు వేర్వేరు లెక్కలతో. కంటికి రెండు పేర్లూ ఒక్కటే. రెండో గుంపులో ఉన్నవారు తొమ్మిది మంది. ఆ రెండో వరుస ఎవరి కంటా పడకపోతే ఆ తొమ్మిది మంది ముసలివాళ్లకూ చీటీ అందేది కాదు.

ఆ అబ్బాయి ఇద్దరిని అడిగాడు. మొదటి ఆయన, పాపం, సహృదయుడే. ‘చివర ఖాళీలు ఉండి ఉంటాయి’ అని, ఖాళీలను కత్తిరించే నాలుగు వరుసలు రాసి పంపారు. వాటిని అతికించినా ఫలితం మారలేదు. రెండో ఆయన స్క్రిప్టేమీ ఇవ్వలేదు. ‘ఆ రెండు పేర్ల పొడవెంతో పెర్ల్‌నే అడుగు’ అన్నారు. అడిగితే ఒకదానికి 30, రెండోదానికి 33 అని వచ్చింది. ‘చదివేటప్పుడు యూటీఎఫ్-8 అని చెప్పి మళ్లీ అడుగు’ అన్నారు. ఈసారి 10, 11 వచ్చాయి. ‘ఆ పదకొండోది ఎవరో సంఖ్య అడుగు’ అన్నారు. 8204 అని తేలింది. పొల్లు తరువాత వచ్చే హల్లు దానికి ఒత్తుగా మారకుండా అడ్డుపడే గుర్తు అది. యూనికోడ్‌లో దాన్ని ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అంటారు. దానికి వెడల్పు లేదు, కంటికి కనబడదు. పెర్ల్ దాన్ని ఖాళీగా లెక్కపెట్టదు గనుకనే, మొదటి ఆయన కత్తెరకు చిక్కలేదు.

ఈ గుర్తు మన మాటల్లో అనవసరంగా చేరినది కాదు. జవహర్‌నగర్ అనే మాట నడుమ అది లేకపోతే రకారం కింద నకారం ఒత్తుగా చేరి ‘జవహర్నగర్’ అవుతుంది. ‘జవహర్‌నగర్‌లో’ అన్న చోట చివరి పొల్లు తరువాత కూడా కావాలి. అలాంటి చోటి నుంచి ‘లో’ను వదిలి పేరును మాత్రం తెచ్చి అతికిస్తే, చివర ఆ గుర్తు అతుక్కునే వస్తుంది. ఆ తొమ్మిది చిరునామాల్లో జరిగింది అదే. విరుగుడు సులువైనది. పోల్చడానికి వాడే నకలులో ఆ గుర్తును తీసేయాలి, అచ్చువేయడానికి అసలు మాటను అలాగే ఉంచాలి.

ఇంతకీ జవహర్‌నగర్‌లో అక్షరాలెన్ని? బైట్లుగా చూస్తే 30. యూనికోడ్ సంకేతాలుగా 10: జ, వ, హ, ర, పొల్లు, ఆ కనబడని గుర్తు, న, గ, ర, పొల్లు. కంటికి విడివిడిగా కనిపించే రూపాలుగా 7. పెర్ల్‌లో వెనుకగీత పక్కన పెద్ద ఎక్స్ పెట్టి వెతికితే ఈ లెక్క వస్తుంది. ఛందస్సులో పొల్లుహల్లు ముందు అక్షరాన్ని ఆశ్రయిస్తుంది గనుక జ, వ, హర్, న, గర్ అని 5. నాలుగు జవాబులూ సరైనవే. మనం ఏది అడుగుతున్నామో మనకు తెలియాలి, అంతే. ఈ నాలుగింటి తేడా తెలిసిన కొత్తవారికి తెలుగు పాఠంతో సగం చిక్కులు ఎదురుకావు.

మిగిలిన సగంలో పెద్దది ‘వైడ్ కారెక్టర్’ హెచ్చరిక. చదివేటప్పుడు పాఠాన్ని విప్పుకున్నాక, అచ్చువేసేటప్పుడు మళ్లీ కట్టకపోతే పెర్ల్ ఇలా హెచ్చరిస్తుంది. ‘అంతకుముందు బాగానే ఉంది, సరిచేశాకే హెచ్చరిక వచ్చింది’ అని కొత్తవారు వెనక్కి పోతారు. పోకూడదు. లోపలికి వచ్చేటప్పుడు విప్పాలి, బయటికి పంపేటప్పుడు కట్టాలి. స్క్రిప్టులోనే తెలుగు మాటలు రాస్తే ‘యూజ్ యూటీఎఫ్8’ అని కూడా చెప్పాలి. కట్టినదాన్నే మళ్లీ కడితే తెలుగుకు బదులు ఐరోపా లిపుల ముక్కలు కుప్పగా కనబడతాయి. ఈ కట్టు విప్పుల సదుపాయం 2002లో వచ్చిన 5.8 వెర్షను నుంచి పెర్ల్‌లో స్థిరపడింది. పెర్ల్ పాతబడిందని, అందరూ పైతాన్ నేర్చుకుంటున్నారని అనేవారున్నారు. నిజమే కావచ్చు. కానీ పైతాన్ 3లో పొడవు అడిగినా జవహర్‌నగర్‌కు 10 అనే వస్తుంది. చిక్కు మన లిపి నిర్మాణంలో ఉన్నప్పుడు యంత్రభాషను మార్చినంత మాత్రాన అది తీరదు.

ఇప్పుడు సాయం సంగతికి వస్తాను. ఆ ఇద్దరిలో మొదటి ఆయన ఇచ్చినది గైడు, రెండో ఆయన చెప్పినది పాఠం. గైడు బట్టీపట్టి పరీక్ష గట్టెక్కిన పిల్లలను ఎందరినో చూశాను. కొత్త పద్యం ఎదురైతే వారు మొదటి పాదం దగ్గరే ఆగిపోతారు. ‘అందరికీ పాఠాలు చెప్పే తీరిక ఎవరికుంది? జీతానికి పనిచేసేవాడికి సాయంత్రానికి స్క్రిప్టు నడవాలి’ అని ఆక్షేపించవచ్చు. ఆ మాటలో న్యాయం ఉంది. అవసరం తొందరదైతే స్క్రిప్టే ఇవ్వండి. దానితోపాటు లోపం ఎక్కడుందో, దాన్ని మీరు ఎలా కనిపెట్టారో ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యానికి రెండు నిమిషాలు పడుతుంది. ‘ముందు పుస్తకం చదువుకొని రా’ అని విసుక్కోవడం మాత్రం సాయం అనిపించుకోదు. ఏ పుస్తకంలో ఏ పుట చదవాలో తెలిస్తే అతడు అడగనే అడగడు.

అడిగేవారికీ మర్యాద ఉంది. చిక్కు కనిపించేటంత చిన్న స్క్రిప్టు, దానికిచ్చిన పాఠం, రావలసిన ఫలితం, వచ్చిన ఫలితం, దోషసూచన ఉన్నది ఉన్నట్టుగా: ఈ అయిదూ చూపించాలి. స్క్రిప్టును అంత చిన్నది చేసే ప్రయత్నంలోనే లోపం తరచుగా బయటపడుతుంది. ఇప్పుడు కృత్రిమ మేధను అడిగినా జవాబు క్షణంలో వస్తుంది. దాన్నీ ఈ అయిదింటితోనే అడగండి. వచ్చినదాన్ని అతికించే ముందు, ఎందుకు పనిచేస్తుందో మీ మాటల్లో చెప్పుకోగలరేమో చూసుకోండి. చెప్పుకోలేకపోతే అది మరొక గైడే.

పెర్ల్‌వారి సంప్రదాయంలో నాకు నచ్చినదొకటి ఉంది. పదేపదే వచ్చే సందేహాలకు పదిమందీ కలిసి సమాధానాలు కూర్చి, తొమ్మిది భాగాల గ్రంథంగా పెర్ల్‌తోపాటే పంచిపెడుతున్నారు. ఒకరి సందేహం తీరితే అది అందరి ఆస్తి. కానీ అందులో మన పొల్లు లేదు, మన ఒత్తు లేదు. పొల్లు తెలిసిన మా వంటివారికి బైటు తెలియదు, బైటు తెలిసినవారిలో చాలామందికి పొల్లు పట్టదు. ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టిన పనులే తెలుగును తెరమీదికి తెచ్చాయి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ, ఒక్కొక్క పత్రిక ఫాంటునూ యూనికోడ్‌లోకి మార్చి చూపిన వెన్న నాగార్జున గారి పద్మ, మన బ్లాగర్లలో ఎందరి చేతనో తెలుగు రాయించిన వీవెన్ గారి లేఖిని, ఇవన్నీ తెలుగువారి చిక్కును తెలుగువారు పట్టించుకోవడం వల్ల వచ్చినవే.

ఆ అబ్బాయి తన చిక్కునూ, 8204నూ, విరుగుడునూ తెలుగులో ఒక పుటగా రాసి పెట్టుకున్నాడు. రేపు మరెవరి జాబితాలోనో తొమ్మిది పేర్లు విడిపోయినప్పుడు ఆ పుట పనికివస్తుంది. మీలో పెర్ల్ గానీ మరే యంత్రభాష గానీ తెలిసినవారు, తెలుగు పాఠంతో మీరు పడిన ఒక చిక్కునూ, దాన్ని పట్టుకున్న తీరునూ అలాగే ఒక్కొక్క టపాగా రాయండి. భాషలో నావల్ల అయ్యే దిద్దుబాటు ఏదైనా ఉంటే సంతోషంగా చేస్తాను.